అత్తయ్య వంతు ఎప్పుడు?

తలుపు తోశాను. రాలేదు.

ఆ గదికి లోపల గడియ లేదు. సింధూరి ఇంటర్ చదివేటప్పుడు, దాని తోటి పిల్ల ఒకతి హాస్టల్ గదిలో చేసుకున్న పని విన్న మర్నాడే వడ్రంగిని పిలిపించి నేనే ఊడదీయించాను. మావారు అడిగితే తుప్పు పట్టిందన్నాను. గడియ లేని తలుపు తెరుచుకోకపోతే ఏమనుకోవాలి?

"సింధూ! తలుపు తియ్యవే! సింధూ!"

"కుర్చీ అడ్డం పెట్టానమ్మా. బానే ఉన్నా. చదువుకుంటున్నా."

"చదువుకోడానికి కుర్చీ అడ్డం ఎందుకే?"

"నువ్వు మాటిమాటికీ వచ్చి నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో చూసి వెళ్తున్నావు గనక."

గుండె కుదుటపడింది. కుదుటపడగానే కోపం వచ్చింది. నా భయాలన్నీ ఇంతే. ముందు ప్రాణం తీస్తాయి, తర్వాత పరువు తీస్తాయి.

హాల్లో మావారు హాస్టల్ వార్డెన్‌తో ఫోన్లో మాట్లాడుతున్నారు. బ్యాంకులో, లోను రాదని చెప్పేటప్పుడు వాడే మెత్తని గొంతు అది.

"అవునండీ, మా అమ్మాయి రేపు రాదండీ. లేదండీ, జ్వరం గట్రా ఏం లేదు. అసలు ఇంక రాకపోవచ్చు. సాయంత్రం ఖాయంగా చెప్తానండీ. ఉంటానండీ."

ఫోన్ టీపాయ్ మీద బోర్లా పెట్టారు.

"ఏమండీ, బావగారు రాకముందే ఆ మాట ఎందుకు చెప్పడం?"

"సాయంత్రం దాకా టైమిచ్చాగా? అన్నయ్య వస్తాడు. వాడి ముందు కూర్చుని 'తెలియక అన్నాను పెద్దనాన్నా, తప్పయింది' అందనుకో, రేపు పొద్దున్న నేనే బండి మీద దింపొస్తాను. అనలేదనుకో, ఇక్కడే భవానీపురంలో ఏదో ఒక డిగ్రీ. కంప్యూటర్స్. నోరు లేని సబ్జెక్టు."

"అది ఒప్పుకోకపోతే?"

"దాన్ని ఎవరు అడుగుతున్నారు?"

"చిన్నపిల్లండీ. ఏదో నోరు జారింది."

"జారిందా? ఊరు ఊరంతా కూర్చుని ఉంది ఛాయా. అన్నయ్య వాటాలు వేశాడు. కాలవ పక్కన ఎగువ చెక్క ఒకటి, చెరువుల పక్కన దిగువ చెక్క ఒకటి. 'ఎంచుకోరా కిష్టా' అన్నాడు. నేను నోరు తెరవబోతున్నా. వెనక నించి దీని గొంతు. 'మరి అత్తయ్య ఎప్పుడు ఎంచుకుంటుంది?' అని. అంతే, పెద్దమనుషులు కండువాలు దులుపుకుని లేచారు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. అన్నయ్య మొహం చూశావా నువ్వు?"

చూశాను. చూసిన దగ్గర్నించీ నాకు అన్నం సహించడం లేదు.

మా అత్తవారింటి ఆనవాయితీ అది. పొలం పంచుకునేటప్పుడు పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. తనకేది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు ఏ వాటానూ తక్కువ చేయడు. తాతల నాటి నుంచీ ఇంతేనని, మా ఇంటి తగువు ఏనాడూ కోర్టు గుమ్మం తొక్కలేదని మా వాళ్లకు గొప్ప. సింధూరికీ అదే గొప్ప. మీ ఇళ్లల్లో ఉన్న న్యాయమైన కట్టుబాటు ఏదైనా చెప్పండి అని వాళ్ల మేడమ్ క్లాసులో అడిగితే, మొదట చెయ్యెత్తింది ఇదేనట. చెబితే అందరూ చప్పట్లు కొట్టారట. ఆ మేడమ్ అంతా విని, "చాలా బావుంది. పంచే మనిషి కనిపించాడు, ఎంచుకునే మనిషి కనిపించాడు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరా?" అందట.

అని తన దారిన తను పోయింది మహాతల్లి. ఆ ప్రశ్న వచ్చి మా ఇంట్లో కూర్చుంది.

అసలు ఆ కోర్సు పేరు విన్నప్పుడే నాకు దడ పుట్టింది. ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్, మూడూ కలిపి ఒకే డిగ్రీ. టెన్త్ పాసైన దాన్ని, నాకు తోచింది నేను అనుకున్నాను. ఫిలాసఫీ చదివితే సన్యాసుల్లో కలుస్తుంది. పాలిటిక్స్ చదివితే ఏదో ఒకరోజు పోలీసు జీపు ఎక్కుతుంది. ఎకనామిక్స్ ఒక్కటే కాస్త ధైర్యం, పోనీ వాళ్ల నాన్నలాగా బ్యాంకులో వేసుకుంటారని. చుట్టుపక్కల పిల్లలంతా ఇంజనీరింగ్‌లో చేరుతుంటే దీన్ని నది అవతల ఆ యూనివర్సిటీకి పంపడానికి ఆయన్ని ఒప్పించింది నేనే. ఇంటర్ రెండేళ్లూ ఎండిపోయిన మొక్కలా తిరిగిన పిల్ల ఆ కోర్సు గురించి చెప్పేటప్పుడు మాత్రం చేతులు తిప్పుతూ చెప్పింది. ఆ చేతులు చూసి ఒప్పుకున్నాను.

పెసరట్టు వేసి తీసుకెళ్లాను. ఈసారి కుర్చీ జరిగిన చప్పుడైంది.

మంచం నిండా జిరాక్స్ కాగితాలు. జుట్టు ముడేసి అందులో పెన్ను దోపుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చిందా అని అడిగితే మళ్లీ ఏడుస్తుందేమోనని అడగలేదు.

"తిను. తింటూ నే చెప్పేది విను."

"సారీ చెప్పమంటావు. అంతేగా?"

"ఒక్క మాట తల్లీ. తప్పయింది అంటే అయిపోతుంది. నోరేం అరిగిపోదు."

"నేను ప్రశ్న అడిగానమ్మా. జవాబు తప్పవుతుంది గానీ ప్రశ్న తప్పెలా అవుతుంది?"

"పెద్దవాళ్లలో అడగడం తప్పు."

"చిన్నపిల్లల్ని అడిగితే పొలం గురించి ఎవరు చెప్తారు?"

"నీతో మాట్లాడితే నాకు తల తిరుగుతుంది. మీ అత్తయ్యకి లేని బాధ నీకెందుకే? ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారన్నా నోరు తెరిచి నాకు వాటా కావాలి అందా?"

అట్టు ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది.

"అదే మా మొదటి పాఠం. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనా అని. చూడు, బస్సులో నిలబడి వెళ్లేవాడు ఉంటాడు. నోరు మూసుకునే నిలబడతాడు. నిలబడ్డం ఇష్టమై నిలబడ్డాడా, సీటు లేక నిలబడ్డాడా? మొహం చూసి చెప్పలేం. అడగాలి."

"అడిగితే కండక్టరు మధ్యలో దింపేస్తేనో?"

సింధూరి నా వైపు తిరిగింది. ఇవాళ మొదటిసారి నవ్వింది.

"అమ్మా! ఇది మా క్లాసులో ఒక్కరు కూడా అడగలేదు తెలుసా?"

నాకు నవ్వు రాలేదు. నేను నిజంగానే అడిగాను.

"మీ నాన్న వార్డెన్‌కి ఫోన్ చేశారే" అన్నాను.

ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఏమని?"

"ఇంక రాకపోవచ్చని. సాయంత్రం ఖాయంగా చెప్తానన్నారు."

కింద వీధిలో కొబ్బరిబోండాల వాడు అరుస్తున్నాడు. కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి, అంచులు సరిచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"ఏదన్నా ఒకటి ఎంచుకుంటే, దానికోసం ఏది వదులుకున్నామో అదే దాని అసలు ఖరీదు అని ఎకనామిక్స్‌లో చెప్పారమ్మా. అప్పుడు తేలిగ్గా అనిపించింది. ఇంటర్ రెండేళ్లలో నేను ఒక్కరోజు కూడా చెయ్యెత్తలేదు. ఎందుకు అని అడిగితే, 'ఎందుకో నీకెందుకు, ఆన్సర్ బబుల్ చెయ్యి' అనేవాళ్లు. ఇక్కడ మా మేడమ్ నేను చెయ్యెత్తకపోతే, 'ఏం సింధూరీ, ఇవాళ అనుమానాలు లేవా' అంటారు. నేను ఆ క్లాసు వదులుకోలేనమ్మా."

"అందుకేగా చెప్తున్నాను."

"సరే. చెప్తాను. సారీ చెప్తాను."

దాన్ని దగ్గరకు తీసుకోబోయాను. అది అట్టు ప్లేటు నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయనతో చెబితే సంతోషిస్తారనుకున్నాను. మనిషి అలా కాదు. పిల్లను హాల్లోకి పిలిచారు.

"ఏమంటావో నాకు ఒకసారి చెప్పు. వింటాను."

"ఏమండీ, ఇదేమన్నా ఇంటర్వ్యూనా?"

"నువ్వుండు. చెప్పు సింధూ."

"అందరిలో అలా అడిగి ఉండకూడదు పెద్దనాన్నా, తప్పయింది అంటాను."

"'తెలియక అడిగాను' అనేది చేర్చు."

"తెలిసే అడిగాను నాన్నా. తెలియక అంటే అబద్ధమవుతుంది. తప్పయింది అనేది వేరు. ఎవరికి తప్పుగా కనిపిస్తే వాళ్లకి తప్పు."

"చూశావా ఛాయా? క్షమాపణలో కూడా లాయరు పాయింటు!"

"చట్టంలో అత్తయ్యకి కూడా మీ ఇద్దరితో సమానంగా వాటా ఉంది నాన్నా. అది నేను కనిపెట్టింది కాదు."

"చట్టం కోర్టులో ఉంటుందమ్మా. ఇంట్లో మర్యాద ఉంటుంది." ఇవాళ ఆయన బీపీ మాత్ర వేసుకున్నారో లేదో గుర్తు రాలేదు నాకు. "అన్నయ్య నా కాలేజీ ఫీజుకి తన పెళ్లి ఉంగరం అమ్మాడే. నేను వాడి ముందు ఎంచుకోవడమే సిగ్గుగా ఉంటే, నువ్వు వాడిని దొంగని చేశావు ఊళ్లో."

సింధూరి ఏదో అనబోయింది. వెనక నుంచి దాని మోచెయ్యి గట్టిగా గిల్లాను. ఆగింది.

తలుపు బెల్లు మోగింది.

బావగారనుకుని కొంగు సర్దుకుని వెళ్లాను. సుబ్బరత్నం వదిన. మావారికి అక్క, బావగారికి చెల్లెలు. కంకిపాడు నుంచి బస్సులో వచ్చి, బెంజ్ సర్కిల్‌లో దిగి, కొడుకు చక్రి పనిచేసే సెల్‌ఫోన్ షాపులో వాడి క్యారేజీ ఇచ్చి, సిటీ బస్సు పట్టుకుని వచ్చింది. వాళ్లాయన, మా అన్నయ్యగారు, పోయాక జాకెట్లు కుట్టి వాడిని ఇంతవాణ్ణి చేసింది. తిన్నగా వంటింట్లోకి వచ్చి ములక్కాడలు ముందుకు లాక్కుంది.

"నిన్న నువ్వు ఫోన్ చేసి ఏడ్చినప్పుడే అనుకున్నా ఛాయా. నా మూలంగా పిల్ల చదువు ఆగడమేంటి? నా వాటా వదులుకుంటున్నట్టు రిలీజు కాగితం మీద సంతకం పెట్టేస్తాను. ఇవాళ ఇక్కడ, రేపు రిజిస్ట్రారు దగ్గర. అయిపోతుంది."

"మెల్లిగా వదినా. నేను ఫోన్ చేసినట్టు ఆయనకు తెలీదు."

"సింధూకి?"

"దానికి అసలే తెలీదు. తెలిస్తే నన్ను నమిలేస్తుంది."

"నమల్నీ. నోరున్న పిల్ల." ముక్కలు కోస్తూనే అంది. "ఆ రోజు నేను ఏడ్చింది అవమానమై కాదు. నా గురించి ఎవరో ఒకళ్లు అడిగారు కదా అని. అది చాలు నాకు. ఆ మాట చాలు."

చాలు చాలు అంటూనే ములక్కాడల్ని చారులోకి కూడా పనికిరానంత చిన్న ముక్కలు చేసింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పెట్టేస్తానంది కదా. అంతకంటే నాకేం కావాలి?

కాసేపటికి బావగారు పాండురంగారావుగారూ, నాగుల్ మీరాగారూ కలిసి వచ్చారు. నాగుల్ మీరాగారిది మా ఊరే. అన్నదమ్ములిద్దరితో కాలవలో ఈత కొట్టిన మనిషి. ఇప్పుడు వన్ టౌన్‌లో బియ్యం వ్యాపారం. మొన్న లేచి వెళ్లిపోయిన పెద్దమనుషుల్లో మళ్లీ కూర్చోడానికి ఒప్పుకున్నది ఈయనొక్కడే.

"ఏం చెల్లెమ్మా, కాఫీ ఇప్పుడిస్తావా, అదీ వాటాలు తేలాకేనా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనే నవ్వుకుని కూర్చున్నారు.

బావగారు చెప్పులు బయట విడిచి, కాళ్లు ఎక్కడ కడుక్కోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డారు. బాత్రూం చూపించాను. తడి కాళ్లతో వచ్చి సోఫా అంచున కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మం దాటలేదు. ఆయన ముందు నేనెప్పుడూ కూర్చోలేదు, పిలవకుండా మాట్లాడలేదు.

"సింధూ" అన్నారు మావారు.

వచ్చింది. చున్నీ సరిగ్గా వేసుకుంది. పెద్దనాన్న ముందు నేల మీద కూర్చుంది. నేను కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను.

"పెద్దనాన్నా, ఆ రోజు అందరిలో అలా అడిగి ఉండకూడదు. తప్పయింది."

బావగారి గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"అడిగావని కాదమ్మా. నువ్వు అడగ్గానే ఊరు నా వైపు చూసింది. చెల్లెలి నోరు కొట్టేవాణ్ణి చూసినట్టు చూసింది. మీ నాన్న బెజవాడలో చదువుతుంటే ఎరువు బస్తాలు నేను మోశాను. మీ అత్తకి పెళ్లి చేశాను. పురుడు పోయించాను. మీ మావయ్య పోతే దగ్గరుండి అన్నీ జరిపించాను. దిగువ చెక్కలోకి పక్కవాడి రొయ్యల చెరువు నించి ఉప్పు ఊరుతుంటే, గట్టు మీద కావలి కూర్చున్నాను. లాభం వాడికి, ఉప్పు నాకు. ఇదంతా ఏ పుస్తకంలో ఉంది చెప్పు?"

సింధూరి పెదవి కదిలింది.

ఉంది. దాని పుస్తకంలో ఉంది. ఒకడు లాభం చేసుకుంటుంటే ఆ ఖర్చు పక్కవాడి నెత్తిన పడడం గురించి పెద్ద పాఠమే ఉందని, అది చదివినప్పుడు పెద్దనాన్న పొలమే గుర్తొచ్చిందని నాకు ఫోన్లో చెవులు చిల్లులు పడేలా చెప్పింది. ఉంది పెద్దనాన్నా అంటుందని, అనగానే అంతా మళ్లీ మొదటికొస్తుందని ఊపిరి బిగబట్టాను.

మావారు దానివైపే చూస్తున్నారు.

"తెలీదు పెద్దనాన్నా" అంది.

"హమ్మయ్య" అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఆ మాట నాలో ఎక్కడా ఆగలేదు. కిందికి జారిపోయింది. క్లాసులో మొదట చెయ్యెత్తే పిల్ల, వచ్చిన జవాబు మింగి, తెలీదంది. ఆ అనడం అచ్చం నాలాగే ఉంది. తల కొంచెం వంచి, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ.

బావగారు దాని నెత్తి మీద చెయ్యి పెట్టారు. "బాగా చదువుకోమ్మా" అన్నారు. నిజంగానే అన్నారు. మావారి భుజాలు దిగాయి.

"రేపు పొద్దున్నే దింపొస్తానన్నయ్యా."

"మంచిది. ఇంక కానీ. ఎంచుకోరా కిష్టా."

"ఎగువ చెక్క అన్నయ్యా."

బావగారు తలూపారు. ఉప్పు ఊరే చెక్క తనకు మిగిలింది. ఒక్క మాట అనలేదు. కట్టుబాటంటే కట్టుబాటే ఆయనకు. అలాంటి మనిషిని దొంగ అని ఎవరంటారు? కాదనీ ఎవరంటారు? నా బుర్రకు అందలేదు.

"రత్నం, ఇలా వచ్చి కూర్చో."

వదిన చెయ్యి తుడుచుకుని వచ్చింది. పళ్లెంలో పుట్టింటి చీర, పళ్లు, తమలపాకులు నేనే సర్ది ఉంచాను. పక్కన బావగారు రాయించి తెచ్చిన రిలీజు కాగితం. నాగుల్ మీరాగారు జేబులోంచి పెన్ను తీసి ఆవిడకిచ్చారు.

"చీర రంగు బావుంది" అంది వదిన.

"ఆగమ్మా" అన్నారు నాగుల్ మీరాగారు. "రాసిచ్చే మనిషిని నోరు విడిచి అడక్కుండా నేను సాక్షి సంతకం పెట్టను. మా నాన్న దగ్గర్నించీ అంతే. రత్నమ్మా, ఇది నీకు సమ్మతమేనా?"

"సమ్మతమేలే మీరా. కానివ్వు" అన్నారు మావారు.

"నిన్నడగలేదు కిష్టా."

"సమ్మతం కాకపోతే ఎందుకొస్తుంది ఇంత దూరం?" అన్నారు బావగారు.

"నిన్నూ అడగలేదు రంగా."

వదిన పెన్ను పట్టుకుని కాగితం వైపు కాదు, నా వైపు చూసింది.

"ఛాయా, ఇలా రా."

వెళ్లలేక వెళ్లాను.

"మీ నాన్నగారు పోయాక నువ్వు మీ తమ్ముడికి రాసిచ్చావుగా?"

"ఇచ్చాను వదినా."

"ఇచ్చాక పుట్టింటికి వెళ్తే ఎలా ఉంటుంది?"

"బానే చూస్తారు. తమ్ముడు బంగారం. మా మరదలు కూడా—"

"ఎలా చూస్తారని కాదు. నీకెలా ఉంటుంది అని."

ఏమీ మారలేదు వదినా, అంటే అయిపోయేది. ఒక్క అబద్ధం. జీవితంలో ఎన్ని ఆడలేదు? గడియకి తుప్పు పట్టిందన్న నోరే కదా ఇది. సింధూరి నేల మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఆ చూపుకి భయమేసింది. ఇప్పుడు నేనేమంటే అదే రేపు ఇదీ అంటుంది, తల కొంచెం వంచి, చున్నీ వేలికి చుట్టుకుని.

"ఇదివరకు వెళ్లగానే నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెల మీద మూతలు తీసేదాన్ని వదినా" అన్నాను. "ఏం వండారో చూడ్డానికి. ఇప్పుడు హాల్లో కూర్చుంటాను. మరదలు కాఫీ తెచ్చి ఇస్తుంది. మంచి కాఫీయే ఇస్తుంది."

"అదేం మాట ఛాయాదేవీ?" అన్నారు బావగారు. బతిమాలినట్టుగా అన్నారు. "మా రత్నాన్ని మేం హాల్లో కూర్చోబెడతామా?"

"మీరు కూర్చోబెట్టరు బావగారూ. మా తమ్ముడూ కూర్చోబెట్టలేదు. నేనే కూర్చున్నాను."

ఆయన ముందు అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వదిన పెన్ను కాగితం మీద ఆనించింది, గీత మాత్రం గీయలేదు.

"నిన్న ఫోన్లో ఏడ్చి సంతకం పెట్టమన్నావు. అందుకే వచ్చాను. ఇప్పుడు ఏడవకుండా చెప్పు. పెట్టనా, వద్దా? నువ్వెలా అంటే అలా."

"ఫోనేంటి?" అన్నారు మావారు.

సింధూరి కళ్లు పెద్దవయ్యాయి. అది ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

భూమి ఎక్కడన్నా చీలుతుందేమోనని కాళ్ల కింద చూసుకున్నాను. మా ఫ్లాటు టైల్సే ఉన్నాయి. పెట్టు వదినా అనడానికే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అదే అనబోయాను.

"వద్దు" అన్నాను. "పెట్టొద్దు వదినా."

పెన్ను మూత పెట్టిన చప్పుడైంది. బావగారు లేచి నిలబడ్డారు. చెప్పులు ఎక్కడ విడిచారో మర్చిపోయిన వాడిలా అటూ ఇటూ చూశారు. నాగుల్ మీరాగారు ఆయన చెయ్యి పట్టుకుని, "కూర్చో రంగా, ఇంకా కాఫీ తాగలేదు మనం" అన్నారు. బావగారు కూర్చోలేదు. వెళ్లనూలేదు.

మావారు నా దగ్గరకు వచ్చారు. అరిస్తే బావుండుననిపించింది.

"ఛాయా, ఇప్పుడు నువ్వన్న మాటకి వార్డెన్‌కి ఏం చెప్పాల్సొస్తుందో తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నానండీ."

ఆయన టీపాయ్ మీద ఫోన్ అందుకున్నారు.

నా కూతురు లేచి వచ్చి నన్ను పట్టుకుంటుందనుకున్నాను. దాని మాటే కదా నేను నిలబెట్టింది. దానికోసమే కదా. ముందు లేచింది వదిన. పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయింది. సింధూరి ఆ చెయ్యి మెల్లిగా తీసేసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం పాలిపోయింది.

"మీరా బాబాయ్ అత్తయ్యని అడిగారు. అత్తయ్య నిన్ను అడిగింది." ఆగింది. "పోయేది నా చదువమ్మా. నిన్న అత్తయ్యకి ఫోన్ చేసేటప్పుడు గానీ, ఇప్పుడు వద్దనేటప్పుడు గానీ, నన్ను ఒక్కసారి అడిగావా?"